ఆరో ఏట వచ్చే పన్ను

ఇంట్లో ఆరేళ్ల పిల్లలుంటే ఈ పూట ఒకసారి నోరు తెరిపించి చూడండి. పాలపళ్ల వరుసకు వెనకాల ఒక పెద్ద పన్ను చిగురు చీల్చుకుని వస్తుంటుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి, "పాలపన్నేలే, పుచ్చినా ఊడిపోయేదేగా" అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను. దాని మీద గీతలు లోతుగా ఉంటాయి, నమిలిన బిస్కెట్ అక్కడే ఇరుక్కుంటుంది. ఆ తీపిని తిని బ్యాక్టీరియా వదిలే ఆమ్లమే పన్నును తొలిచేది. పిప్పిపన్నులో పురుగుందంటారు గానీ, పురుగూ లేదు, పుట్రా లేదు.

పొద్దున తోముకోవడం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగ్గొట్టేది రాత్రిపూటే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్లకు ఆ కాస్త రక్షణా ఉండదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ చాలు, అంతకన్నా చిన్నవాళ్లకు బియ్యపు గింజంత. ప్రకటనల్లో బ్రష్ నిండా పరిచేది అమ్మకం కోసం! రాత్రి జాగ్రత్త పిల్లలకే కాదు, తాతగారి కట్టుడుపళ్లూ రాత్రికి తీసి, శుభ్రం చేసి, నీళ్లలో ఉంచాలి.

ఈ రాత్రి పిల్లల చేతికి బ్రష్ ఇచ్చి ఊరుకోకండి. ఆ వెనక పళ్లు మీరే తోమండి.