మేనల్లుడి మోకాలు

పలకల ఫ్యాక్టరీలో పని చేసే మా చేతుల మీద గీతలు లేని రోజుండదు. పొద్దున తెగుతుంది, సాయంత్రానికి పక్కు కడుతుంది, ఎవరికీ పట్టదు. అందుకే మా మేనల్లుడు ఆరేళ్లప్పుడు మార్కాపురంలో మా షెడ్డు వెనక పలక పెంకు మీద పడి మోకాలు కోసుకుంటే, పసుపు అద్ది ఊరుకున్నాం. గంటకల్లా నెత్తురు ఆగింది. మర్నాడు లేచేసరికి దుప్పటంతా తడిసిపోయి ఉంది. పక్కు కట్టేది, విడిపోయేది. నెలన్నర అదే తంతు. చివరికి మానినచోట రూపాయి బిళ్లంత మచ్చ, ఎత్తుపల్లాలుగా.

"ఏ జన్మలో ఏ పాపం చేశానో అన్నా" అంది చెల్లెలు. అమ్మ చెన్నకేశవస్వామికి మొక్కుకుంది. రక్తం గడ్డకట్టే మామూలు పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్లు రెండుసార్లు ఇంటికి పంపేశారు.

హైదరాబాదులో ఒక డాక్టరమ్మ మొదట అడిగింది బొడ్డు సంగతి. పుట్టిన వారంలో బొడ్డు నుంచి నెత్తురు కారింది నిజమే, మేమే మరిచిపోయాం. వాడి రక్తపు గడ్డను యూరియా ద్రావణంలో వేస్తే కరిగిపోయింది. మామూలు మనిషిదైతే కరగదు. పదమూడో ఫ్యాక్టర్ లేదని తేలింది. గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని ఒకదానికొకటి బిగించేది అదే. అది లేని గడ్డ సున్నం పెట్టకుండా పేర్చిన రాతిగోడ లాంటిది. నిలబడినట్టే ఉండి రాత్రికి జారిపోతుంది. కొత్త చర్మం పాకి రావాల్సిందీ ఆ గోడ పట్టుకునే. 1960లో స్విట్జర్లాండ్ డాక్టర్లు ఈ లోపాన్ని మొదటిసారి ఒక పిల్లవాడిలో గుర్తించారట. వాడికీ గాయాలు సరిగా మానేవి కావట. ఇరవై లక్షల మందిలో ఒక్కరికి వచ్చే జబ్బు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిన జన్యువు అందితేనే వస్తుంది.

మా చెల్లెలిది మేనరికం. పొలం బయటికి పోకూడదని పట్టుబట్టిన వాళ్లలో నేనొకణ్ణి.

కర్మ అన్న మాటను నేను తోసెయ్యను. కానీ చేసినవాడు అనుభవించేది గదా కర్మ అంటే? ఆరేళ్లవాడు చేసిందేముంది? పూర్వజన్మ అంటే, గుర్తులేని తప్పుకు పడే శిక్షలో వాడు దిద్దుకునేదేముంది? జన్యువు అనగానే తప్పు ఎవరిదీ కాదని ఊపిరి పీల్చుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. జన్యువును ఎవరూ చెయ్యలేదు, పెళ్లి మేమే చేశాం. తెలియక చేశాం. తెలియనిదానికి నన్ను నేను శిక్షించుకోను గానీ, తెలిసిన రోజు నుంచి చేసే ప్రతి పనీ నా ఖాతాలోదేనని నమ్ముతున్నాను.

మొన్న వేసవిలో, పెళ్లీడుకొచ్చిన మేనల్లుడికి బావ మా అమ్మాయిని అడిగాడు. కాదన్నాను. జబ్బు వంకతో బిడ్డను తోసేశానని చెల్లెలు అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. నెలకోసారి ఆ లేని ఫ్యాక్టర్ కోసం క్రయో ఎక్కించే రోజున వాడు గిద్దలూరులో రైలెక్కుతాడు, నేను మార్కాపురం రోడ్డులో ఎక్కుతాను. గుంటూరు దాకా పక్కపక్కనే కూర్చుంటాం.