కలమునకు నగిషీ

వ్రాయుటకు కలము చాలును, కలమునకు నగిషీ యెందుకని కొందఱు భక్తులు ప్రశ్నింతురు. రామకోటి వ్రాయువాని దృష్టి నామముపై నిలువవలెను గాని చేతిలోని సొగసైన కొయ్యపై గాదని వారి యభిప్రాయము. వినుటకు బాగుగనే యున్నది. కాని స్వామి యలంకారమును కన్నులార చూచి తరించు మనము, అలంకారము మనస్సును చెదరగొట్టునని యెట్లనగలము?

అట్టి కలము చేయు విధము తెలిసినవారు దానిని తేలికగా చూడరు. బీరువాలు, తలుపులు చేయగా మిగిలిన అయిదంగుళముల జిట్టేగి ముక్క చాలును. అది లోపలివఱకు ఆరియుండవలెను. పచ్చిదనము మిగిలినచో కొన్నాళ్లకు బీటలు వాఱును. దానిని నిడివిగా తొలిచి, ఇత్తడి గొట్టము నంటించి, తరిమెనపై త్రిప్పుచు ఉలితో గుండ్రముగా తీర్తురు. పిమ్మట సన్నని గాడి చెక్కి, అందులో ఇత్తడి తీగయో వేఱొక రంగు కొయ్యయో పొదిగి, గరుకు కాగితముతో మట్టము చేయుదురు. మొదట ముతకది, పిదప సన్నది, ఆపై మఱింత సన్నది. కన్నులు మూసి వ్రేలితో తడిమినచో కొయ్య యెచ్చట ముగిసినదో, తీగ యెచ్చట మొదలైనదో తెలియరాదు. చేయి తొందరపడినచో గాడి అంచు పెచ్చులూడును. జపమునకు వలయు ఓర్పు ఇంతకంటె వేఱని నేననుకొనను.

నా సందేహము మఱొకటి. ఆ గాడిలో నింపినదేమి?

జిట్టేగిలో ఏనుగు దంతము పొదుగుట మైసూరు పనివారి ప్రసిద్ధ విద్య. 1912లో పూర్తియైన అచ్చటి రాజభవనములో, అంబావిలాస మంటపమున, దంతము పొదిగిన జిట్టేగి ద్వారమొకటి గలదు. అది గణపతి సన్నిధికి తెఱచుకొనును. గజముఖుని వాకిట గజదంతము! ఆ శిల్పులను నేను తప్పు పట్టను; ఆనాటి వాడుక అది. కాని మడుగులో చిక్కిన ఏనుగు మొఱ విని శ్రీహరి పరుగెత్తి వచ్చిన కథను ఇంటింట చదువుకొను మనము ఆ తెల్లని పువ్వు వెల యెంతయని యడిగి ఊరకుండదగునా?

తనంత తాను చచ్చిన ఏనుగు దంతమైనచో దోషమేమని తార్కికు లందురు. దోషము లేదు. అయితే వెల పలుకు వస్తువునకు వచ్చిన త్రోవను ఎవరు చూచిరి? అంగడిలో రెండు దంతములును తెల్లనివే. అందుచేతనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లో సవరించి మన దేశపు దంతము వ్యాపారమును, 1991లో ఆఫ్రికా దంతపు వ్యాపారమును నిషేధించిరి. నేడు మైసూరు పనివారు లేతరంగు కొయ్యలను, ప్లాస్టిక్కును పొదుగుచున్నారు. పువ్వు అందము తగ్గలేదు.

ఇంతటితో చిక్కు తీరలేదు. కలమునకు మెఱుగిచ్చు లక్క కూడ చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు కూర్చునదే. దానిని గీయునపుడు వానికి హాని కలుగును. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కొయ్య తరిమెనపై తిరుగుచుండగా లక్క కడ్డీ నదిమిపట్టుదురు. రాపిడి వేడికి అది కరగి పట్టును. మొగలి యాకుతో దానికి నునుపు తెత్తురు. ఆ పనివారి కూటిని నేను కాదనజాలను. లక్కపూత చెమట నుండి, తేమ నుండి కొయ్యను కాపాడును. పొదిగిన పువ్వు దేనిని కాపాడదు. కన్నులకు ఇంపు గూర్చుట యొక్కటే దాని పని. కావున లక్కకంటె పువ్వు విషయముననే మనము గట్టిగా విచారింపవలెను. లక్కకును మనసొప్పనివారు అవిసెనూనె పట్టించుకొందురు. మెఱుపు కొంత తగ్గును.

ఇదే న్యాయము స్వామికి సమర్పించు పట్టువస్త్రమునకును వర్తించునా యని పాఠకులు నన్నడుగవచ్చును. అడుగవలసినదే.