గోక్యో సరస్సులు యెవరివి?

ప్రకృతిని కాపాడాలంటే ముందు మనిషిని అక్కణ్ణుంచి తప్పించాలని కొందరి వాదం. ప్రకృతిని జయించడమే అభ్యుదయమని మనలోనే మరికొందరి నమ్మకం. పైకి యివి బద్ధశత్రువులు. కాని అక్కడ బ్రతికే మనిషి శ్రమ యీ రెంటి లెక్కలోకీ రాదు. నేపాల్‌లోని గోక్యో సరస్సుల చరిత్ర చూస్తే నాకు యీ సంగతి రూఢి అవుతుంది.

ఎవరెస్టుకు పడమరగా, సుమారు 4,700 నుంచి 5,000 మీటర్ల యెత్తున, న్గోజుంపా హిమానీనదం తోసిపోసిన రాళ్ళగట్టు పక్కన వరసగా వున్న చిన్న సరస్సులివి. హిందువులకూ బౌద్ధులకూ పవిత్రం. 1976లో సాగరమాతా జాతీయవనం యేర్పడడంతో దాని హద్దుల్లోకి వచ్చాయి. 2007లో రామ్సార్ ఒడంబడిక జాబితాకెక్కాయి.

మరి అంతకుముందు వీటి పరిసరాలను కాపాడిందెవరు? షెర్పా గ్రామాలు 'నావా' అనే కాపలాదారులను నియమించుకునేవి. యే పచ్చికలో జడలబర్రెలు యెప్పుడు మేయాలో, యే అడవిలో పచ్చికట్టె కొట్టగూడదో చూచి, తప్పినవారికి జరిమానా వేసేది వారే. 1957లో నేపాల్ ప్రభుత్వం అడవులను జాతీయం చేసింది. (జాతీయం అన్న మాట వింటే మనకు చప్పట్లు కొట్టడం అలవాటు!) అడవి రాజ్యం ఆస్తి అయింది, దాన్ని కాయవలసిన అధికారి మాత్రం కొండదాకా రాలేదు. కొన్ని వూళ్ళలో నావాల మాటకు విలువ తగ్గింది. ఆపైన యాత్రికులు పెరిగారు, వారితోపాటు వంటచెరకుకు గిరాకీ పెరిగింది.

జాతీయవనమంటే షెర్పాలు భయపడ్డారు. అది వుత్త భయం కాదు. ఆ దశాబ్దంలోనే పశ్చిమాన రారా సరస్సు వనం కోసం రెండు గ్రామాలను లేపి తరాయి మైదానానికి తరలించారు. యిక్కడ వూళ్ళను వుండనిచ్చారు. 1993లో చట్టం సవరించి, వనాల ఆదాయంలో నూటికి 30 నుంచి 50 వంతులు చుట్టుపక్కల ప్రజల అభివృద్ధికి వాడవచ్చునన్నారు. మంచిదే. అయితే ఆదాయంలో వాటా దొరికినంత మాత్రాన నిర్ణయంలో వాటా దొరికినట్టు కాదు.

వూరివాళ్ళు చేసిందంతా ధర్మమేనా అని అడగవచ్చు. కాదు. గోక్యో సరస్సు వొడ్డునే వసతిగృహాలు లేచాయి. వాటి యజమానీ, దిగువ కొండలనుంచి వచ్చి అక్కడికి బరువులు మోసే కూలీ వొకే వర్గం కారు. 'స్థానిక ప్రజ' అన్న మాటతో యీ తేడాను కప్పిపుచ్చగూడదు.

యింతలో హిమానీనదమే కరుగుతోంది. దాని వొంటిమీద నీటిమడుగులు పెరుగుతున్నాయి. హద్దురాయి వేడిని ఆపదు. ఆ వేడిలో మన రామగుండంలో మండే బొగ్గుకూ పాలుంది, అంతకంటె యెన్నోరెట్లు సంపన్నదేశాల పాత పొగగొట్టాలకూ వుంది. పచ్చికట్టె కొట్టిన షెర్పాను పట్టుకోవడానికి వనంలో సైనికులున్నారు. యీ పొగ విషయంలో తాఖీదు యెవరి పేర రాయాలో యింకా తేలలేదు.