కాయకమునకు అర్హుడెవరు?

దర్శి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో మిల్లునందు గాని, పలకల కార్ఖానాయందు గాని, దుకాణమునందు గాని ఒక కొలువు ఖాళీ అయినపుడు యజమాని చెవిని మొదట సోకు మాట “వాడు మనవాడే” అన్నది. తగినవాడెవడను ప్రశ్న ఆ పిమ్మట వచ్చును; ఒక్కొక్కచో రానే రాదు. కాయకమే కైలాసమని నమ్మిన వీరశైవ కుటుంబములకు ఇది కేవలము వ్యాపార విషయము కాదు, ధర్మ విషయము.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము ననుసరించి, కళ్యాణమున బిజ్జలుని మంత్రియగు బలదేవుడు బసవేశ్వరునకు మేనమామ. ఆయన అనంతరము ఆ పదవి మేనల్లునకు లభించెను. అదియు బంధుత్వపు ద్వారముననే వచ్చినది కాదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని బసవేశ్వరుడు రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెములు పుట్టినపుడు బిజ్జలుడు భాండాగారమును లెక్కింపించెను. ధనమేమియు తరుగలేదని పురాణము చెప్పుచున్నది. బంధుత్వము ద్వారము తెరువగలదు గాని, ఆసనముపై నిలుపగలది లెక్కకు నిలుచు నడవడి యొక్కటే.

ఎన్నుకొను అధికారము తనకు కలిగినపుడు బసవేశ్వరుడేమి చేసెను? అనుభవమంటపమున శూన్యసింహాసనము తాను అధిష్ఠింపలేదు. మహాజ్ఞానియైన మేనల్లుడు చెన్నబసవనికి మొదట ఈయలేదు. మద్దెల వాయించు వృత్తినుండి వచ్చిన అల్లమప్రభువునకు ఆ పీఠము దక్కెనని సంప్రదాయము. ఆ సభకు అక్కమహాదేవి వచ్చినపుడు అల్లముడు ఆమె వైరాగ్యమును గూర్చి నిష్ఠురముగ ప్రశ్నించెను. ప్రశ్న బహిరంగము, సమాధానము బహిరంగము. అందువలననే ఆమె స్థానమును పిదప ఎవ్వరును శంకింపలేదు.

నేటి యజమానికి ఇందు మార్గము కలదు. మార్కాపురపు పలకరాయిని పొరలుగా చీల్చువాని నేర్పు గోత్రమడిగిన తెలియదు. ఉలి చేతికిచ్చి చూడవలెను. గుమాస్తా యగునేని చిట్టా ముందుంచి కూడిక చేయింపవలెను. నేర్పు గంటలో తెలియును. నిజాయితీకి కాలము పట్టును. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ మిగులును తిరిగి ఇచ్చి రమ్మనెను. మిగులు చేతికి వచ్చినపుడు మనిషి ఏమి చేయునన్నదే అసలు పరీక్ష. కావున తగిన జీతమిచ్చి కొన్నినెలలు పనిలో ఉంచి చూచుట న్యాయము.

“మన పేద యువకులను మనము కాక ఎవరాదుకొందురు?” అను మాటయందు సత్యమున్నది. వారికి చదువు చెప్పింపవలెను, పని నేర్పవలెను, వసతి కల్పింపవలెను. మఠములు చేయదగిన సేవ అదియే. కాని పని రానివానిని కొలువున కూర్చుండబెట్టినచో వాని భారమును ప్రక్కవాడు మోయును. పని వచ్చినవాడు గడప యొద్దనుండి తిరిగిపోవును. ఆ తిరిగిపోయినవాని ఆకలికి ఉత్తరమిచ్చువారెవరు?

ప్రభుత్వోద్యోగములలో మతము, కులము, వంశము, జన్మస్థలములను బట్టి వివక్ష చూపరాదని 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 16వ అధికరణమున శాసించినది. స్వంత దుకాణమున ఆ శాసనము వర్తింపకపోవచ్చును. అచట యజమాని అంతఃకరణమే శాసనము. చాకలి మాచయ్యను, పడవ నడుపు చౌడయ్యను, చెప్పులు కుట్టు హరళయ్యను సమానముగ కూర్చుండబెట్టిన సభకు వారసులమని చెప్పుకొనువారు, “మనవాడు” అను మాటకు అర్థము మార్చవలెను. కాయకమును నిష్ఠతో చేయువాడే మనవాడు.