యుద్ధకాలమున వాక్సంయమము

కురుక్షేత్ర సంగ్రామము పదునెనిమిది దినములు జరిగినది. ఆ యుద్ధమును రణభూమిలో నిలిచి చూచినవారు అసంఖ్యాకులు. హస్తినాపురములో కూర్చుండి చెవులతో చూచినవాడు ధృతరాష్ట్రుడు. సంజయుడు చెప్పుచుండగా ఆ వృద్ధరాజు ఎన్ని ప్రశ్నలు వేసెను! భీష్ముడెట్లు పడెను? ద్రోణుని రక్షించుటకు ఎవరు నిలిచిరి? అప్పుడు కర్ణుడేమి చేయుచుండెను? ప్రతి ప్రశ్న వెనుకను తనవారు గెలువవలెనను ఆశయే. ఏ దినమున ఏ మాట పలికియున్న ఈ యుద్ధము ఆగియుండెడిదో ఆ ప్రశ్నను సంజయుడు పలుమారు గుర్తుచేసినను, అచట ఆ రాజు మనస్సు నిలువలేదు.

యుద్ధము వచ్చినపుడెల్ల ఇంటింట ఒక ధృతరాష్ట్రుడు పుట్టును. అరుగు మీదనో, కాఫీ హోటలులోనో, రైలుపెట్టెలోనో కూర్చుండి అతడు సేనలను నడపును. సేనాపతుల తప్పులను దిద్దును. ఏ దేశముతో మైత్రి చేయవలెనో, ఏ దేశమును నమ్మరాదో తీర్పు చెప్పును. ఎదుటివాడు అంగీకరింపకున్న వానిని పిరికివాడనును; ఇంకను ఎదురాడిన దేశద్రోహి యనును. తన చేతికి రక్తమంటలేదు కావున తన మాటకును అంటలేదని అతని నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో తెలిసికొనదలచినవాడు అండమాను దీవుల వైపు ఒకమారు చూడవలెను.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడినది. మార్చి 8న రంగూను పడినది. అండమానులను కాపాడుట సాధ్యము కాదని తలచి బ్రిటిషువారు అచటి సైన్యమును వెనుకకు పిలిపించుకొనిరి. మార్చి 23న జపాను సేనలు ఎదిరించువారు లేక పోర్ట్ బ్లెయిరులో దిగినవి. ఆ పట్టణమునకే నేడు శ్రీ విజయపురమని పేరు. రెండు వారములు గడచెనో లేదో, ఏప్రిల్ 6న, అదే సముద్రపు ఈవలి ఒడ్డున విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసినవి. మద్రాసులోని జనులు మూటాముల్లె సర్దుకొని లోనాడులకు తరలిపోయిరి.

ఆ దినములలో తెలుగునాట జరిగిన వాదములకు లెక్కలేదు. బ్రిటిషువాడు శత్రువు గనుక వాని శత్రువు మిత్రుడే యగునని కొందరనిరి. ఇది ప్రజాయుద్ధము, ముందు ఫాసిజమును ఓడింపవలెనని కమ్యూనిస్టులనిరి. ఒక యజమానిని వదిలించుకొనుటకు మరియొక యజమానిని తెచ్చుకొనుట తగదని గాంధీ మహాత్ముడు హెచ్చరించెను. క్విట్ ఇండియా తీర్మానము ఆ ఆగస్టులోనే వచ్చినది. ఆలోచింపదగిన అంశము ప్రతి వాదములోను కలదు. కాని ఆవలి ఒడ్డున ఉన్నవారికి తీరికగా వాదించుకొను భాగ్యము లేకపోయెను. అచట ఆ ప్రశ్న తానే నడచివచ్చి తలుపు తట్టినది.

సేనలు దిగిన కొలది దినములకే సైనికులు ఇండ్లలో చొరబడసాగిరి. జుల్ఫికర్ అలీ అను యువకుడు తన ఇల్లు కాచుకొనదలచి చేతికందిన ఎయిర్ గన్ పేల్చెను. అది పిట్టలను కొట్టు తుపాకి. దానివలన ఎవరును చావలేదు. అతడు దొరకువరకు సైనికులు ఇండ్లు తగులబెట్టిరి. దొరికిన పిదప హింసించి కాల్చి చంపిరి. బర్డ్ అను బ్రిటిషు అధికారిని గూఢచారియని నిందించి బహిరంగముగా తల నరికిరి. అది మొదలు ఆ దీవులలో ‘గూఢచారి’ అను మాటకు మించిన మారణాయుధము లేకపోయెను.

జపాను ఓడలు సముద్రములో దెబ్బతినుచుండెను, విమానదాడులు జరుగుచుండెను. వార్త బయటికి ఎట్లు పోవుచున్నదని పాలకులకు అనుమానము. నిజమునకు 1943 జనవరిలోనే, పూర్వము పోర్ట్ బ్లెయిరులో పోలీసు అధికారిగా పనిచేసిన మెకార్తీ అను బ్రిటిషువాడు కొద్దిమందితో జలాంతర్గామి నుండి మధ్య అండమాను పడమటి తీరమున దిగి అడవులలో రహస్యముగా సంచరించెను. అతడు పట్టుబడలేదు. పట్టుబడినవారు పట్టణములోని సామాన్య గృహస్థులు.

వారిలో డాక్టరు దివాన్ సింగ్ ఒకడు. ఆయన 1927లో వైద్యుడుగా ఆ దీవులకు వచ్చిన పంజాబీ కవి; పోర్ట్ బ్లెయిరులోని ఇండియన్ ఇండిపెండెన్స్ లీగునకు అధ్యక్షుడు. భారత స్వాతంత్ర్యమునకు తోడ్పడుటకే వచ్చితిమని చెప్పినవారే ఆయనను 1943 అక్టోబరులో బంధించిరి. సెల్యులార్ జైలులో చిత్రహింసలననుభవించి 1944 జనవరి 14న ఆయన ప్రాణము విడిచెను.

ఆ వైద్యుడు ఆ జైలులో బాధపడుచున్న దినములలోనే, 1943 డిసెంబరు 29న, నేతాజీ సుభాస్ చంద్ర బోసు ఆ దీవికి వచ్చెను. 30న అచట త్రివర్ణ పతాకము నెగురవేసెను. ఆ దీవులకు షహీద్, స్వరాజ్ అను పేరులు పెట్టెను. ఆయన త్యాగము శంకింపదగినది కాదు. అధికారులు ఆయనకు సెల్యులార్ జైలును చూపిరి. కాని నాటి ఖైదీలు మూలుగుచున్న భాగమును చూడనీయలేదు. ఒకే పట్టణమున ఒకచోట పతాకము ఎగిరినది. మరియొకచోట ఆ పతాకమునే కోరినవారు బంధములలో నుండిరి. సరిగా ఒక నెల గడచిన పిదప, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని గూఢచారులని కాల్చి చంపిరి. వారిలో పలువురు ఆ లీగు సభ్యులే. ఫిబ్రవరిలో ఆజాద్ హింద్ ప్రభుత్వ పక్షమున లోకనాథన్ చీఫ్ కమిషనరుగా వచ్చెను. విద్యాశాఖ తప్ప చెప్పుకొనదగిన అధికారమేదియు ఆయన చేతికి రాలేదు. తుదకు తిండి కరవైనపుడు, 1945 ఆగస్టులో, వందలకొలది జనులను హావ్‌లాక్ దీవిలో పంటలు పండించుటకని చెప్పి ఓడలనెక్కించి సముద్రములోనికి తోసివేసిరి. 1945 అక్టోబరు 7న జపాను సేనలు లొంగిపోయినవి. ఆ హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు పెట్టబడినది.

ఈ చరిత్ర ఒక జాతి మీద ద్వేషము పెంచుటకు చెప్పదగినది కాదు. ఆ జైలును 1906 నాటికి కట్టి ముగించి, దానిలో దేశభక్తులను నలిపినవారు బ్రిటిషువారు. యజమాని మారినను ఆ గోడలు చేయు పని మారలేదు. సాధకుడు ఇందుండి గ్రహింపవలసినది తన నాలుకను గూర్చి.

యుద్ధమును గూర్చిన వ్యర్థవాదమున మొదటి దోషము ప్రగల్భము. ఉత్తరకుమారుని కథ తెలుగువారింట పిల్లలకును తెలియును. గోవులను కౌరవులు తోలుకొనిపోయిరను వార్త వచ్చినపుడు, తగిన సారథి యొక్కడు దొరికిన చాలు అందరిని జయించెదనని ఆ బాలుడు అంతఃపుర స్త్రీల నడుమ పలికెను. సేనను కంట చూడగానే రథము దిగి పరుగెత్తెను. ఈ కథలో జనులు నవ్వుకొను భాగము ఇంతవరకే. దాని తరువాతి భాగము మరింత విలువైనది. అర్జునుడు వానిని పట్టుకొని ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చెను. చేయదగిన పని చేతిలో పడగానే ఆ బాలుని ప్రగల్భము ఆగినది, భయమును తగ్గినది.

రెండవ దోషము ద్వేషముతో మిత్రుని ఎన్నుకొనుట. మద్రరాజు శల్యుడు పాండవుల కొరకే సేనతో బయలుదేరెను. దారిలో అందమైన విడుదులు కనబడెను, విందులు దొరకెను. ధర్మరాజు ఏర్పాటులని తలచి సంతోషించి, ఇవి చేసినవానికి కోరినదిచ్చెదననెను. ముందుకు వచ్చి నిలిచినవాడు దుర్యోధనుడు. అడుగడుగున సుఖము దొరకినపుడు ఆతిథ్యమిచ్చునది ఎవరని అడుగుట మానవుడు మరచును. ద్వేషము కూడ అట్టి విడుదియే. శత్రువును తిట్టువాడు దొరకగానే మనస్సు అచట విశ్రమించును. అతడు రేపు ఏమి కోరునో విచారింపదు. శ్రీకృష్ణుని ఎదుట అర్జునుడు విశాల సేనను విడిచి ఆయుధము పట్టని సారథిని కోరుకొనెను. ఆ ఎన్నికలో ఓడల లెక్క లేదు, ద్వేషమును లేదు. ధర్మమెచటనున్నదను విచారణ మాత్రమే కలదు.

మూడవది, అన్నిటికంటె క్రూరమైనది, అనుమానము. భీష్ముడు ప్రాణమొడ్డి పోరాడుచుండగా దుర్యోధనుడు ఆయనను పాండవ పక్షపాతి యనెను. పోరులో ఓటమి కనబడినపుడు తన లోపమును చూచుకొనలేని మనస్సు సొంతయింటిలో ద్రోహిని వెదకును. హంఫ్రీగంజ్ గోతిలో పడినవారు ఆ వెదకులాటకు ఆహుతియైనవారు. అచట ఆ మాట పలికినవారి చేతిలో తుపాకి కలదు గనుక అది వెంటనే చంపినది. తుపాకి లేనివాడు అదే మాటను పొరుగువానిపై విసరినపుడు, అది తుపాకి కలవాని కొరకు ఎదురుచూచుచు గాలిలో నిలిచియుండును.

అట్లయిన గృహస్థుడు యుద్ధమును గూర్చి నోరు మెదపరాదా? స్వతంత్ర దేశమున ప్రజాభిప్రాయమునకు విలువ లేదా? ఉన్నది. విదురుడు మౌనముగా నుండలేదు. ద్యూతమునకు ముందు పలికెను, తరువాతను పలికెను. రాజు కోపించి పొమ్మనినపుడు అడవికైనను పోయెను గాని మాట మార్చలేదు. శ్రీకృష్ణుడు తానే రాయబారిగా వెళ్లెను. విదురునకును ఉత్తరునకును భేదమేమి? విదురుడు తనకు తెలిసినది పలికెను. ఆచరింపగలవాని ఎదుట పలికెను. దాని ఫలము తాననుభవించుటకు సిద్ధపడి పలికెను. అట్టి వాక్కునకు ఎవరును అడ్డు చెప్పరు. గీత పదునేడవ అధ్యాయము శరీరముతోను మనస్సుతోను పాటు వాక్కునకును తపస్సు విధించినది. తపస్సనగా మూగతనము కాదు. మాటను నిప్పులో కాల్చి మాలిన్యము పోగొట్టి పలుకుట.

కావున యుద్ధవార్త వినిన సాధకుడు నోరు తెరచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పబోవునది తెలిసిన సంగతియా, వినిన వదంతియా? ఈ సలహా తప్పయిన ఆ తప్పునకు ప్రాణమిచ్చువాడెవడు? దీనిని పలుకుటకు మారుగా చేతితో చేయదగిన పని ఏదైన కలదా? గాయపడినవారికి రక్తమిచ్చుట, సైనికుని ఇంటికి పోయి అతని తల్లిని పలుకరించుట, అనుమానమునకు గురియైన పొరుగువాని పక్కన నిలుచుట: ఇవి ఉత్తరుని చేతిలో పడిన పగ్గముల వంటివి. మొదటి రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకొనినవాడు మూడవదానిని తప్పించుకొనలేడు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి పోయి స్థిరపడిన తెలుగువారు నేడు ఆ దీవులలో వేలకొలది కలరు. విశాఖ రేవు నుండి అచటికి ఓడ పోవును. అచటికి వెళ్లు యాత్రికుడు సెల్యులార్ జైలు చూచి మరలుట కద్దు. హంఫ్రీగంజ్ స్మారకము కడకును పోవలెను. నా అనువారు లేక పోయినవారికి కూడ నీరు విడువుమని పెద్దలు తర్పణవిధిలో నేర్పిరి. ఆ 44 మందికిని, పేరైన మిగులక హావ్‌లాక్ జలములలో మునిగినవారికిని అచట దోసెడు నీరు విడిచి, ఆ యుద్ధమున ఎవరి ఎత్తు మేలైనదను విచారము లేక కొంతసేపు మౌనముగా నిలువవలెను.