గంట మోగని యంత్రం

అబ్బీ,

సంక్రాంతికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు మీ అత్త వడ్డించిన సంగటి ముద్ద తుంచుతూ రెండుసార్లు చెయ్యి విదిలించుకున్నావు. ఊరుబిండి కారమని తప్పించుకున్నావు గానీ, కారానికి బొటనవేలు తిమ్మిరెక్కదు. నలభై ఏండ్లు టైపు నేర్పినోడిని. పిల్లల ముఖాలు మరిచిపోయినా చేతులు మరిచిపోను.

పోయిన వారం పులివెందులకు వచ్చి నీ గది చూసినా. బెంగళూరు కంపెనీ పనంతా నువ్వు చేసేది గోడకు బిగించిన నాపబండ మీద. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ. బండ నీ రొమ్ము ఎత్తున ఉంది. భుజాలు చెవుల దాకా ఎగదోసి, మణికట్లు బండ అంచుకు ఆనించి కొడుతున్నావు. మన ఎర్రగుంట్ల బండ ఇంటికి మంచిదే, మణికట్టుకు కాదు.

మణికట్టులో ఎముకల నడుమ సన్నటి సొరంగం ఒకటుంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది కండర తాళ్లు, వాటితోపాటు ఒక నరం, అన్నీ దాంట్లోంచే అరచేతిలోకి పోవాల. చెయ్యి వంచిపెట్టి గంటల తరబడి ఆడిస్తే లోపల ఇరుకవుతుంది. ఇరుకైతే ముందు మొరపెట్టుకునేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు ఊరకుంటుంది. రాత్రిళ్లు ఎక్కువ. అయితే తప్పంతా కీబోర్డు మీదికే తోయను. చక్కెర జబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. మీ నాయనకు చక్కెర ఉంది గదా, నువ్వూ రక్తం చూపించుకో.

చేతుల నొప్పి నీ కాలంలో పుట్టింది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1713లోనే రాయసగాళ్ల జబ్బులకు మూడు కారణాలు రాసిపెట్టినాడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, తప్పు పోతుందేమోనని మనసు బిగబట్టడం. కడపలో బ్రౌన్ దొర బంగళాలో కూర్చుని ప్రతులు సరిచూసిన పండితులకు కూడా ఆ మూడూ ఉండే ఉంటాయి. నీకు వాటి మీద నాలుగోది తోడైంది. నీ పనికి ఆగడం తెలీదు.

మా రెమింగ్టన్ టైపు మిషన్‌లో వరుస ముగిసే ముందు గంట మోగేది. ఎడమచేత్తో మీట పట్టి క్యారేజీని వెనక్కు తోయాల. పేజీ అయితే కాగితం తీసి, కార్బన్ సర్ది, కొత్తది ఎక్కించాల. తప్పు పడితే రబ్బరు. నిమిషానికి 45 మాటలు కొట్టే హయ్యర్ పరీక్ష పిల్లలకైనా వరుసకొకసారి వేళ్లకు రెప్పపాటు సెలవు దొరికేది. జమ్మలమడుగులో మీ నాయన మగ్గమూ అంతే. పోగు తెగితే ఆగి ముడెయ్యాల, కండె అయిపోతే మార్చాల, చీరలు దిగినాక అచ్చు అతకాల. గుంతలో కూర్చుని ఆయన నడుము పోగొట్టుకున్నాడు, ఆ కష్టాన్ని నేను పొగడను. చేతికి మాత్రం పని మారేది. నీ మిషన్‌లో వరుస దానంతటదే మారుతుంది, కాగితం అయిపోదు, గంట మోగదు.

కాబట్టి గంట నువ్వే పెట్టుకో. అరగంటకొకసారి లేచి, చేతులు వేలాడేసి నాలుగడుగులు నడువు. నీళ్ల బాటిల్ పక్కన పెట్టుకోవద్దు, వంటింట్లో పెట్టుకో. బండను పగలగొట్టాల్సిన పనిలేదు. కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచు, కాళ్లు గాల్లో తేలితే కింద పీట వెయ్యి. మోచేతులు మీటల ఎత్తుకు రావాల. ల్యాప్‌టాప్ కింద పెట్టె పెట్టి తెర పై అంచును కంటి ఎత్తుకు లేపు. అప్పుడు దాని మీటలు అందవు, విడిగా కీబోర్డు, మౌసు కొనుక్కో. కీబోర్డు వెనక కాళ్లు లేపొద్దు, మడిచెయ్యి. మణికట్టు బల్లకు ఆన్చే పిల్లల చేతుల కింద నేను స్కేలు నిలబెట్టేవాణ్ని. కొట్టడానికి కాదురా, ఆన్చితే తగలడానికి.

ఇంకొకటి. నువ్వు మీటలు దంచుతావు. టైపు మిషన్‌కు ఆ బలం కావాల, దీనికి తాకితే చాలు. నీకు మొదట నేర్పింది నేనే గనక ఆ తప్పు నాది. పనైపోయినాక అదే బొటనవేలితో అర్ధరాత్రి దాకా ఫోన్ తోసుకుంటా పడుకోవడం మాత్రం నీదే.

పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకో, మందుల షాపులో దొరుకుతుంది. కొన్ని వారాలకు తగ్గకపోయినా, చేతిలోంచి గ్లాసు జారినా, బొటనవేలి మొదట్లో కండ పలచబడినా బాము పూసుకుంటూ కూర్చోవద్దు. ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించు. కండ కరిగినాక తిరిగి రావడం కష్టం.

ఈ జాబు చదివినాక ముందు ఫోన్‌లో గంట పెట్టు. తరవాత మీ అత్తకు ఫోన్ చెయ్యి. పొద్దున్నుంచి రెండుసార్లు నీ చెయ్యి సంగతే అడిగింది.

మీ మామ