చేతిలో పని లాక్కోవద్దు

చిల్లకూరు

పాపా,

మీ నాయనకి పార్కిన్సన్స్ అని నెల్లూరు డాక్టరు తేల్చాక నువ్వు ఫోను చేసి చాలా అడిగావు. నాకూ ఉన్న ఈ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుంది, ఫోనులో నా మాట నీకు సగమే వినబడి ఉంటుంది. అందుకే రాస్తున్నాను. అక్షరాలు చిన్నవైపోయాయని విసుక్కోకు. పెద్దగానే మొదలుపెడతాను, పంక్తి చివరికొచ్చేసరికి చెయ్యే వాటిని కుదించేస్తుంది.

నిమ్మతోట అమ్మేసి, వాణ్ణి బెంగుళూరు తీసుకుపోయి, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటానన్నావు. నీ ప్రేమకి వంక పెట్టను. కానీ కాలు కింద పెట్టనివ్వకపోవడమే వాడికి చేటు.

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. పోయినవి తిరిగి రావు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు, ఆ మాట నీ దగ్గర దాచను. అయితే లెవోడోపా మాత్రతో ఏళ్ళ తరబడి తమ పని తాము చేసుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. బిగుసుకుపోయే ఒంటికి కదలికే రెండో మందు.

మొన్న మీ ఇంటికి పోయేసరికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గుండీ వేళ్ళకి దొరకడం, కాజాలోకి పోకుండా జారడం, మళ్ళీ పట్టుకోవడం. మూడో గుండీ దగ్గర మీ అమ్మ చూడలేక వచ్చి చకచకా పెట్టేసింది. వాడి మొహంలో ఏమీ కనబడలేదు గానీ ఆ పూట కాఫీ ముట్టలేదు. మొహం సంగతి నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బు మొహంలో కండరాలను కూడా బిగదీస్తుంది. నువ్వొస్తే నవ్వలేదని, ప్రేమ తగ్గిందని అనుకోకు. దిగులు మాత్రం నిజంగానే ఉండొచ్చు. అది పిరికితనం కాదు, చాలామందిలో జబ్బుతోపాటే వస్తుంది. దానికీ మందుంది, డాక్టరుకి చెప్పాలి. ధైర్యంగా ఉండు నాయనా అని గంటకోసారి అనడం వల్ల ఒరిగేదేమీ లేదు.

గడప దగ్గర నా కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. ఎవరన్నా చెయ్యి పట్టి లాగితే ముందుకి పడతాను. మీ పెద్దమ్మ వసారాలో అడుగడుక్కీ సుద్దతో అడ్డగీతలు గీసింది. గీత దాటాలి అనుకుంటే కాలు లేస్తుంది! నాలుగడుగులు వేయలేని మనిషి సైకిలెక్కితే హాయిగా తొక్కుకుంటూ పోవడం నెదర్లాండ్స్ డాక్టర్లు 2010లో వీడియో తీసి చూపించారు. నేనది చెప్పగానే మీ నాయన పాత సైకిలు దులిపాడు. డాక్టరు సరేనంటేనే ఎక్కాలని, ఎక్కినా హైవే వైపు పోకూడదని ఒట్టు వేయించుకున్నాను.

మాత్ర వేళ తప్పకూడదు, తనంతట తాను ఆపెయ్యకూడదు. తిండికి అరగంట ముందు వేసుకుంటే మేలు. చేపల పులుసు, పప్పు, గుడ్డు కడుపులో ఉంటే మాంసకృత్తులు మందుకి అడ్డం పడతాయి. అలాగని పులుసు మానమంటే ఊరుకునే వంశం కాదు మనది. వేళ సర్దుకుంటే చాలు. వాంతులని ఏ ఆస్పత్రికి పోయినా ముందు ఈ జబ్బు సంగతి చెప్పండి. మెటోక్లోప్రమైడ్ లాంటి మందులు వణుకునీ బిగుతునీ పెంచుతాయి.

దూలగొండి పొడి తినమని ఊళ్ళో ఎవరో చెప్పే ఉంటారు. అది వట్టి నాటుమాట కాదు. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. సరిగ్గా అందుకే భయం. మాత్రలో ఎంత ఉందో రాసి ఉంటుంది, పొడిలో ఎంత పడిందో ఎవరికి తెలుసు? రెండూ కలిస్తే మోతాదు మించుతుంది. డాక్టరుకి చెప్పకుండా వద్దు.

ఇక తోట. కాయ కోయించడం, గూడూరు మార్కెట్టులో ధర కోసం పేచీ పెట్టుకోవడం, కూలీల లెక్క రాసుకోవడం, ఇవన్నీ వాడు నలభై ఏళ్ళుగా చేస్తున్న పనులు. బెంగుళూరులో ఆరో అంతస్తులో ఏం చేస్తాడు? లిఫ్టు తలుపు మూసుకునే లోపల ఎక్కలేక నీ వైపు చూస్తాడు. పని ఆలస్యమవుతుంది, లెక్క తప్పొచ్చు, ఒక బస్తాకి తక్కువ ధర రావొచ్చు. రానీ. ఆ నష్టం మీరు భరించగలరు. ఒక్క పని మాత్రం మాన్పించు: తోటలో మందు కొట్టడం. పారాక్వాట్ లాంటి కలుపుమందులకీ ఈ జబ్బుకీ సంబంధం కనబడుతోందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. వాడికే కాదు, కొట్టే కుర్రాళ్ళకీ మంచిది కాదు, వేరే దారి చూడండి.

పండక్కి వచ్చేటప్పుడు వాడికి ఎలాస్టిక్ నడుము ప్యాంట్లు రెండు, వెనక పట్టీ ఉన్న చెప్పులు ఒక జత తీసుకురా. చొక్కాలు మాత్రం గుండీలవే తే, పెట్టుకుంటాడు. మీ అమ్మని కాసేపు వంటింట్లో మాటల్లో పెట్టు.

ఇట్లు
పెదనాన్న